ఫొటోలో నాయుడన్న భుజం

పోయిన వారం పుదుచ్చేరి నటేశన్ నగర్‌లోని మా ఇంటి వీధి తలుపుకు పాలిష్ పెట్టించాను. వడ్రంగి సీసా మూత తీసి గుడ్డపీలిక మీద నూనె ఒంపుకున్నాడో లేదో, లోపల గదిలో పేపరు చదువుకుంటున్నవాణ్ణి లేచివచ్చి గుమ్మంలో నిలబడిపోయాను. అవిసె నూనె! ఎన్నేళ్ళయింది ఆ వాసన ముక్కుకు తగిలి. నాకు పడలేదనుకున్నట్టున్నాడు, "రెండు దినాల్లో పోతుంది సార్, కిటికీలు తీసిపెట్టండి" అన్నాడు వడ్రంగి. నేను తెరిచి ఉన్న కిటికీలు కూడా మూసేశాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. ఆ వాసన ఎవరిదో ఆవిడకి తెలుసు.

అది ఆర్. జయరామ నాయుడిది. మీలో ఎవరూ ఆ పేరు విని ఉండరు, వినే అవకాశమూ లేదు. మా నూలు మిల్లు హాకీ జట్టులో ఆయన పద్నాలుగేళ్ళు రైట్ బ్యాక్‌గా ఆడాడు. పద్నాలుగేళ్ళలో ఒక్క గోలు కొట్టలేదు. ఆయన పని గోలు కొట్టడం కాదు, కొట్టనివ్వకపోవడం. పేపర్లో గోలు కొట్టినవాడి పేరే వేస్తారు. కొట్టనివ్వనివాడి పేరు ఎవడు రాస్తాడు చెప్పండి? ఆయన చేసిన పనికి లెక్క ఉన్నదల్లా ఆయన ఒంటి మీదే. ముందరి పళ్ళు రెండు లేవు. ఎడమ కనుబొమ్మ మధ్యలో కుట్లు పడి వెంట్రుకలు మొలవని గీత ఒకటి. కుడిచేతి చిటికెన వేలు ఎటో చూస్తూ ఉండేది. మోకాళ్ళ కింద ముట్టుకుంటే ఎముక గతుకులు గతుకులుగా చేతికి తగిలేది. ఒకసారి నా చెయ్యి పట్టి అక్కడ పెట్టించి, "ఇది మద్రాసు, ఇది తిరుచ్చి, ఇది కోయంబత్తూరు" అని ఏ ఊరి ఆటలో ఏ దెబ్బ తగిలిందో చెప్పుకొచ్చాడు.

ఆ రోజుల్లో పుదుచ్చేరిలో ఆట ఆడేవాళ్ళని మిల్లువాళ్ళు జీతమిచ్చి పెట్టుకునేవారు. పేరుకు ఏదో ఒక సెక్షన్‌లో పొద్దున హాజరు, మధ్యాహ్నం నుంచి గ్రౌండు. ఆటే ఉద్యోగం. ఆట పోయిందంటే మాత్రం ఎక్కణ్ణించి వచ్చామో అక్కడికే, మళ్ళీ మెషిన్ దగ్గరికి. నాయుడన్న వచ్చింది కార్డింగ్ నుంచి. పత్తి చిక్కుతీసి పీచుచేసే గది అది. లోపల గాలి తెల్లగా ఉంటుంది, నూగు ఎగురుతూనే ఉంటుంది. వాళ్ళ నాన్న ఆ గదిలోనే పనిచేసి దగ్గి దగ్గి పోయాడు. నాయుడన్న ఏనాడూ ఏ ఫార్వర్డుకీ భయపడగా నేను చూడలేదు గానీ, ఆ గది పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే మటుకు చుట్టు తిరిగి క్యాంటీన్ వెనకనుంచి వచ్చేవాడు.

నేను డెబ్బైల మధ్యలో యానాం నుంచి వచ్చాను. యానాంలో గోల్‌కీపర్‌గా ఆడానని దరఖాస్తులో ఒక ముక్క రాస్తే, టైమాఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు, రెండేళ్ళ ప్రొబేషన్ మీద. తమిళం రాదు. హోటల్లో ఇడ్లీ అడగడానికి కూడా వేలు చూపించాల్సిన పరిస్థితి. మొదటిరోజు ఉప్పళం గ్రౌండులో ప్యాడ్లు కట్టుకుంటుంటే ఒక నల్లటి లావుపాటి మనిషి వచ్చి ముందు నిలబడ్డాడు. ఆ మొహం చూసి, వీడు నన్ను కొట్టడానికే వచ్చాడనుకున్నాను.

"యాడ నుంచబ్బా?" అన్నాడు.

తెలుగు చెవిన పడేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. "యానామండి. జట్టులో తెలుగాయన ఒకరున్నారన్నారు, నాయుడు గారంటే మీరేనాండి?" అన్నాను.

"గారా! నన్ను గారూ అన్నోడు ఈ ఊర్లో ఇంతవరకూ లేడు. పిలకాయలు వింటే నవ్వుతారు. అన్నా అను, సాలు."

"సరేనండి అన్నా."

అంతే, పళ్ళు లేని సందులోంచి గాలి పోయేలా నవ్వాడు. అప్పటినుంచి నేను ఆయనకి యానామోణ్ణి. ఆయన నా పేరు పెట్టి పిలవగా ఒకే ఒక్కసారి విన్నాను, అది తర్వాత చెబుతాను.

వాళ్ళ పూర్వీకులు ఎన్ని తరాల కిందట ఈ వైపు వచ్చారో ఆయనకే తెలియదు. ఇంట్లో తెలుగే, కానీ అందులో సగం అరవం కలిసిపోయి ఉండేది. బంతిని పందు అనేవాడు. ఊరికే అనాల్సిన చోట సుమ్మా అనేవాడు. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. సంతకం తమిళంలో పెట్టేవాడు. నేర్పిస్తానంటే, "మాట్లాడేదానికి అక్షరాలెందుకబ్బా?" అని కొట్టిపారేశాడు.

ఆదివారం ఉదయాలు నన్ను సైకిలు మీద పిళ్ళైచావడి తీసుకెళ్ళేవాడు. అక్కడ ఇసకలో పరుగెత్తితే మోకాళ్ళు గట్టిపడతాయని ఆయన నమ్మకం. పడవలు ఒడ్డుకు లాగి చేపలు ఏరుకుంటున్నవాళ్ళు మమ్మల్ని చూసి, పనీపాటా లేనివాళ్ళని జాలిపడేవారు. పరుగయ్యాక రెండు పడవల మధ్య నన్ను నిలబెట్టి పది గజాల దూరంనుంచి బంతి కొట్టేవాడు. మొదట్లో పదింట్లో ఏడు నన్ను దాటి వెళ్ళేవి. ఒకరోజు విసిగిపోయి, "మీ స్టిక్కు ఎటు తిరుగుతుందో తెలియట్లేదన్నా" అన్నాను.

"స్టిక్కును ఎవుడు సూడమన్నాడు నిన్ను? అది అబద్ధం సెప్తాది. కండ్లు సూడు. కొట్టేముందు వాడి కండ్లు యాడికి పోతాయో, పందు ఆడికే పోతాది. మనిషి సేతిని మోసం సెయ్యమని సెప్పగలడు, కంటిని సెప్పలేడు."

ఆ మాట నాకు పట్టుబడడానికి నెలలు పట్టింది. పట్టుబడ్డాక మాత్రం నేను మంచి గోల్‌కీపర్నయ్యానని ఎవరిని అడిగినా చెప్పేవారు. శనివారం సాయంత్రాలు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఇద్దరం స్టిక్కులకు అవిసె నూనె పట్టించేవాళ్ళం, వానకి కర్ర పగలకుండా. కనకమ్మ వదిన ఆ వాసన భరించలేక కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కాఫీ తెచ్చి ఇచ్చేది. "ఈ మనిషి పక్కన పండుకోవాలంటే మంచానికి కూడా నూనె రాసుకోవాల" అని గొణిగేది. నాయుడన్న వినపడనట్టు ఇంకో చుక్క నూనె ఒంపుకునేవాడు.

మా ఇద్దరికీ ఇంకో రహస్యం ఉండేది. గోలు ముందు మేం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. అవతలి జట్లన్నీ తమిళ ఊళ్ళవే, వాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడు ఇది మరీ పనికొచ్చేది. అవతలివాడు సర్కిల్ అంచున బంతి ఆపి కొట్టేలోగా, గోలు గీత దగ్గరనుంచి నాయుడన్న వాడి మీదికి ఉరికి, గోలులో సగభాగం తన ఒంటితో మూసేసేవాడు. మిగతా సగం నాది. ఏ సగం ఎవరిదో అప్పటికప్పుడు గట్టిగా అరిచి చెప్పుకునేవాళ్ళం, ఎదురుగా ఉన్నవాడు గుడ్లప్పగించి చూసేవాడు. "మన తెలుగు ఇన్ని తరాలకి ఇప్పుడు పనికొచ్చింది రా" అనేవాడాయన. అది మా ఇద్దరికీ ఎంత అలవాటైపోయిందంటే, ఆటలో నోరు తెరిస్తే తెలుగే వచ్చేది.

ఇక అసలు సంగతి. నేను చేరిన రెండో ఏడు మా మిల్లు ఉప్పళంలో ఒక టోర్నమెంటు పెట్టింది. అప్పుడే వచ్చిన కొత్త మేనేజరుకి ఆట మీద ఖర్చు దండగ అన్న అభిప్రాయం. కప్పు గెలిస్తే జట్టును ఉన్నది ఉన్నట్టు ఉంచుతాననీ, లేకపోతే కోతలు తప్పవనీ ముందే చెప్పేశాడు. నాయుడన్నకి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. కుడి మోకాలు పొద్దున లేస్తే వంగేది కాదు. "ఇంక రెండేండ్లు ఆడినానంటే మా బాబుది ఐటీఐ అయిపోతాది, వాడేదో ఒక పని సూసుకుంటాడు. ఆ తర్వాత నన్ను యాడకి పంపినా సరే, ఆ గదికి మాత్రం వద్దబ్బా" అన్నాడు ఫైనల్‌కు ముందురోజు, స్టిక్కుకు నూనె రాస్తూ. ఆయన అలా నోరు విప్పి కావాలని అడిగింది అదొక్కటే.

ఫైనల్‌కు వచ్చిన జట్టు కృష్ణా జిల్లా వైపుది. ఈ మాట చదవగానే మీకు అర్థమైపోయి ఉంటుంది. మాకు మాత్రం తట్టలేదు. తట్టలేదంటే పూర్తిగా తట్టలేదని కాదు. ఆట మొదలయ్యేముందు చేతులు కలిపినప్పుడు వాళ్ళతో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడి, "మనవాళ్ళే" అని నేను మురిసిపోయాను కూడా. నాయుడన్న మాట్లాడితే వాళ్ళ కెప్టెన్ నా చెవిలో, "ఆయన మాట్లాడేది ఏం భాషండి?" అని అడిగాడు. ఇంత జరిగినా, విజిల్ వేశాక నా బుర్ర తన పాత దారినే పోయింది.

చివరి అయిదు నిమిషాల దాకా గోలు పడలేదు. నాయుడన్న ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. రెండుసార్లు బంతికి తన మోకాలే అడ్డం పెట్టాడు. అప్పుడు వాళ్ళకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. గీత మీద నిలబడి కిందికి చూసుకుంటే నా ఎడమకాలి ప్యాడు పట్టీ తెగి వేలాడుతోంది. బాగుచేసుకునే వ్యవధి లేదు. "అన్నా! ఎడమ ప్యాడు పట్టీ తెగిపోయింది! ఎడమవైపు నా వల్ల కాదు, నువ్వు చూసుకో!" అని గొంతు చించుకుని అరిచాను, స్వచ్ఛమైన గోదావరి తెలుగులో.

నాయుడన్న తల తిప్పి నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. అప్పటికే బంతి కదిలింది. ఆయన ఎడమవైపు మూయడానికి ఉరికాడు. ఆయన ఎటు ఉరుకుతాడో వాళ్ళకు నేనే చెప్పాను కదా. కొట్టాల్సినవాడు బంతిని కొట్టకుండా పక్కవాడికి తోశాడు, వాడు నాయుడన్నని దాటించి సరిగ్గా నా ఎడమకాలి పక్కనుంచి నేలబారుగా కొట్టాడు. ఊడిన ప్యాడు కాలికి అడ్డంపడి నేను బోర్లా పడ్డాను. గోలు వెనక పలక మీద బంతి తగిలిన చప్పుడు వినపడింది. గోలు కొట్టినవాడు తిరిగి వెళుతూ వంగి, నా భుజం తట్టి, "చాలా థాంక్సు గురూ" అన్నాడు.

మర్నాడు పొద్దున మేనేజరు మమ్మల్ని గదిలోకి పిలిచాడు. కెప్టెను, నాయుడన్న, నేను. పక్కన స్టూలు మీద నా కాన్ఫర్మేషన్ ఫైలు ఉంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. యానాంలో నా మనియార్డరు మీద బతుకుతున్నవాళ్ళు నలుగురు. "ఎడమవైపు ఖాళీ వదిలింది ఎవరు? ఒకటే పేరు చెప్పండి" అన్నాడు మేనేజరు తమిళంలో. ఆపాటి తమిళం అప్పటికి నాకు వచ్చింది.

నేను నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటాను. నాకంటే ముందు నాయుడన్న అరడుగు ముందుకు జరిగి, నన్ను సగం కప్పేసి నిలబడ్డాడు, గ్రౌండులో నిలబడినట్టే. "ఎడమవైపు నాది సార్. నేనే లేటుగా కదిలినాను. కె.వి. సుబ్బారావు మంచి కీపరు, అతని తప్పేం లేదు" అన్నాడు. నా పేరు ఆయన నోట విన్నది అప్పుడే. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళూ దీన్ని ఎన్ని రకాలుగా చెప్పుకున్నా చివరికి ఇంతే. నేను నోరు మూసుకున్నాను. సోమవారం నుంచి నాయుడన్నకి కార్డింగ్‌లో డ్యూటీ వేశారు. ఆ ఆర్డరు నకలు రాసింది టైమాఫీసు గుమాస్తానైన నేనే.

వారం రోజులు మొహం చాటేసి, ఎనిమిదో రోజు క్యాంటీన్‌లో ఆయన ముందు కూర్చున్నాను. జుట్టునిండా నూగు, కనుబొమ్మ మీద గీత కూడా కనపడకుండా. "మేనేజరు దగ్గరికెళ్ళి నిజం చెప్పేస్తానన్నా" అన్నాను.

"ఇప్పుడు సెప్తే ఏందిరా లాభం? నాకీ మోకాలితో ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఇదే గతి. నేను పర్మనెంటు, గదే మారుస్తారు. నిన్నైతే మూట కట్టించి యానాం పంపుతారు. ఇద్దరం పోతే గోలుకాడ ఎవుడు నిలబడతాడు?" అని, నా గ్లాసులోని టీ కూడా తన గ్లాసులో ఒంపుకుని తాగేశాడు. ఆ దుమ్ముకు ఆయన గొంతు ఎప్పుడూ ఎండిపోయి ఉండేది.

అదే క్యాంటీన్‌లో, ఇంకో పది రోజుల తర్వాత, నేను రెండో తప్పు చేశాను. యానాం నుంచి మావాళ్ళు పంపిన పూతరేకుల డబ్బా మీద చుట్టిన తెలుగు పేపరు విప్పుతుంటే, అందులో ఆటల పేజీ కనపడింది. కప్పు పట్టుకుని కృష్ణా జిల్లా జట్టు. ఫొటో మూలన, వాళ్ళ వెనకాల, ఎవరిదో సగం భుజం. నేను మడిచేలోగా నాయుడన్న లాక్కున్నాడు.

"ఇది నా భుజం! సూడు, ఈ సొక్కా సినిగింది సెమీఫైనల్లో. నా భుజమే రా ఇది! ఏం రాసినాడు? మన గురించి రాసినాడా? సదువు."

ఉన్నది ఎనిమిది లైన్లు. గోలు కొట్టిన కుర్రాడి పేరు, వాళ్ళ కెప్టెన్ పేరు. ఆఖరున, మిల్లు జట్టు గోల్‌కీపర్ తన ప్యాడు ఊడిపోయిందని తెలుగులో కేకలు పెట్టడం మనవాళ్ళకు కలిసివచ్చిందని ఒక వాక్యం. నాయుడన్న పేరు ఎక్కడా లేదు. చుట్టూ బల్లల మీద కార్డింగ్ వాళ్ళు నలుగురైదుగురు తిండి మానేసి మా వైపే చూస్తున్నారు. నాయుడన్న నా మొహంలోకి చూస్తున్నాడు. గ్లాసెడు నీళ్ళు తాగి మొదలుపెట్టాను.

"'ఈ ఆటలో ఓడినా అందరి మనసూ గెలిచినవాడు పుదుచ్చేరి మిల్లు జట్టు రైట్ బ్యాక్ ఆర్. జయరామ నాయుడు. గోలు ముందు ఆయన కోటగోడలా నిలబడ్డాడు. ఆయన్ని దాటడానికి మనవాళ్ళకి ఆటంతా పట్టింది.'"

నాయుడన్న కాగితం మీద భుజం ఉన్నచోట వంకర వేలు ఆనించాడు. తర్వాత, "ఇనీషియలు కూడా ఏసినాడా?" అన్నాడు.

"వేశాడన్నా. ఆర్. అని."

ఆయన ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ముందుగదిలో గోడకు తగిలించాడు. ఆ ఇంట్లో తెలుగు చదవడం ఎవరికీ రాదు. ఆ వీధిలోనే రాదు. నా తప్పు అచ్చులో రాసి ఉన్న కాగితం, ఆ తప్పుకు బలైపోయినవాడి ఇంటి గోడ మీద, దేవుడి పటాల పక్కన వేలాడుతోంది. చుట్టాలొచ్చినప్పుడల్లా, పండగొచ్చినప్పుడల్లా నాకు కబురు. "యానామోడా, దా, ఈళ్ళకి కొంజెం సదివి సూపించు." నేను నిలబడి ఆ అబద్ధాన్ని మళ్ళీ చదవాలి. ఒకసారి తడబడి 'కొండలా నిలబడ్డాడు' అన్నాను. "పోయినసారి కోటగోడ అన్నావే!" అన్నాడు వెంటనే. "అదేనన్నా, కోటగోడే, కళ్ళజోడు తేలేదు" అని సర్దుకున్నాను. నాకప్పటికి కళ్ళజోడే లేదు.

ఆయన్ని ఆ గదిలోంచి తప్పించడానికి టైమాఫీసులో ఉండి నేను చేయగలిగిందల్లా చేశాను. నెలనెలా ఒక అర్జీ రాసి, ఆయన చేత తమిళంలో సంతకం పెట్టించి పంపేవాణ్ణి. మూడేళ్ళకి, మేనేజరు మారాక, బట్టల గోడౌన్‌కు మార్చారు. కానీ ఆ మూడేళ్ళలో దగ్గు పట్టుకుంది, మరి వదల్లేదు. పిళ్ళైచావడి ఇసకలో పరుగెత్తిన మనిషి ఉప్పళం వీధిలో సగం దూరం నడిచి ఏదో ఒక అరుగు మీద కూర్చునేవాడు. చూస్తూ చూస్తూ నేను టైమాఫీసులో హెడ్ క్లర్కునయ్యాను. మంచివాడినని కూడా పేరొచ్చింది. 

ఎనభైల్లో వాళ్ళబ్బాయికి పెళ్ళయింది. పిల్లది నెల్లూరు వైపు, పేరు సుజాత. విస్తట్లో పాయసం వడ్డిస్తుండగా కనకమ్మ వదిన గర్వంగా చెప్పింది, "మా కోడలు పదోతరగతి దాకా తెలుగులోనే సదివింది" అని. ఆ పాయసం నేను ముట్టలేదు. నెల రోజులు ఏదో వంకతో వాళ్ళింటి వైపు పోలేదు. చివరికి ఆయనే మనిషిని పంపాడు.

వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఉన్నాడు, ఒళ్ళో దుప్పటి. సుజాత ఆ ఫ్రేము చేతిలో పట్టుకుని గుడ్డతో అద్దం తుడుస్తోంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్ల అది చదివేసిందని నాకు తెలిసిపోయింది. 

"అమ్మా సుజాతా, సారుకి సదివి సూపించు," అన్నాడు నాయుడన్న.

ఆ అమ్మాయి ఫ్రేములోకి చూస్తూ, తడుముకోకుండా చదివింది. "ఈ ఆటలో ఓడినా అందరి మనసూ గెలిచినవాడు పుదుచ్చేరి మిల్లు జట్టు రైట్ బ్యాక్ ఆర్. జయరామ నాయుడు. గోలు ముందు ఆయన కోటగోడలా నిలబడ్డాడు." చివరి వాక్యం దాకా ఒక్క అక్షరం తేడా లేదు. చదివి, ఫ్రేము గోడకు తగిలించి, "కాఫీ తెస్తాను బాబాయ్ గారూ" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాను. "ఎప్పుడు తెలిసిందన్నా? ఈ అమ్మాయి వచ్చాకేనా?"

"నువ్వు సదివిన దినమే. ఆ మాటలు ఆ పిల్లకి నేనే నేర్పినా," అన్నాడు. దగ్గు ఆగేదాకా ఆగి, "నీ కండ్లు పేపరు మీద యాడుండాయిరా? నా మొగం మీదుండె. పద్నాలుగేండ్లు గోలు ముందర నిలబడినోణ్ణి, ఎవుడి కండ్లు యాడుండాయో సూడలేనా?"

"తెలిసీ ఎందుకు గోడకు పెట్టావన్నా? ఇన్నేళ్ళూ అందరి ముందూ నా చేత ఎందుకు చదివించావు?"

"ఫొటోలో నా భుజముండాది గదా," అని నవ్వాడు, ఆ పళ్ళ సందులోంచే. తర్వాత నవ్వు ఆపి, నా నెత్తి మీద ఆ వంకర వేలున్న చెయ్యి పెట్టాడు. "పేపరోడు నిజంగా రాసుంటే సుమ్మా వాడి పని కాబట్టి రాసుంటాడు. నువ్వు నాకోసరం కూసోనుండి అల్లినావు. నా ఆట గురించి ఇంకెవుడైనా ఒక్క మాట కట్టినాడా? నీ నోట వినాలని ఉండె, సదివించుకున్నా. నువ్వు దాన్ని శిచ్చ అనుకున్నావా, పిచ్చోడా!"

నేను ఏడ్చాను. అంత వయసొచ్చి, హెడ్ క్లర్కునై, కనకమ్మ వదిన చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను. సుజాత తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

ఆ తర్వాత ఆయన రెండేళ్ళు కూడా ఉండలేదు. పోయాక కనకమ్మ వదిన ఆయన స్టిక్కు నాకిచ్చింది. దానికి నూనె పెట్టడం ఎన్నేళ్ళ కిందటో మానేశాను, ఏదో బద్ధకం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా కింద పనిచేసినవాడు పొరపాటు చేసి పైవాళ్ళ ముందు వణుకుతూ నిలబడితే, అరడుగు ముందుకు జరిగి 'అది నాది సార్' అనడానికి ప్రయత్నించాను. అనగలిగిన రోజులున్నాయి. నోరు పెగలని రోజులూ ఉన్నాయి. అలాంటి రోజు ఇంటికొచ్చి ఆ కర్రను మూలనుంచి తీసి కాసేపు పట్టుకుని కూర్చునేవాణ్ణి. నేను ఆయనంత మనిషిని కాలేకపోయాను.

వడ్రంగి వెళ్ళాక సీసాలో మిగిలిన నూనెతో ఆ స్టిక్కును తుడిచి, ఇది రాయడానికి కూర్చున్నాను. రాస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆత్రం. అచ్చయి వచ్చాక ఈ పేజీలు ఉప్పళం తీసుకువెళ్ళి సుజాత చేతికిస్తాను. ఆ ఫ్రేము ఇంకా అక్కడే ఉంది, భుజం ఇంకా కనపడుతూనే ఉంది. దాని కింద నిలబడి గట్టిగా చదవమంటాను. రైట్ బ్యాక్, ఆర్. జయరామ నాయుడు, గోలు ముందు కోటగోడలా నిలబడ్డాడు. ఈసారి కాగితం మీద ఉన్నదే చదవొచ్చమ్మా, అంటాను.